స్లాటు వచ్చిందా? సంబరపడకండి!

భూపాలపల్లిది ఒక రకంగా అదృష్టం. ఊరికి రైలు లేదు. రైలే లేనప్పుడు రైలు లేటయిందన్న బాధ ఎక్కడిది? బొగ్గు గనులున్నాయి. చెల్పూరులో కరెంటు ప్లాంటు ఉంది. కాళేశ్వరంలో ముక్తీశ్వరుడున్నాడు. మేడిగడ్డలో కుంగిన బరాజ్ ఉంది. లేనిది రైలొక్కటే. మరి నెలల తరబడి, ఏళ్ల తరబడి ఎదురుచూసే విద్య ఈ జనానికి ఎవరు నేర్పాలి? సగం సిలబస్ మన పాలకులు పూర్తి చేశారు. మిగతా సగం వీసా ఆఫీసులు చెబుతున్నాయి.

జనగామకు రైలుంది. మానుకోటకు, అదే మహబూబాబాద్‌కు, రైలుంది. ఆ రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్ దాకా పోయి, అద్దం అవతల కూర్చున్న ఆఫీసర్‌కు దండం పెట్టి వచ్చినవాళ్లు పాత వరంగల్ జిల్లాలో వాడకొకరు దొరుకుతారు. ఇంటికొకరని రాద్దామనుకున్నాను. కానీ అతిశయోక్తి మీద హక్కులన్నీ మన నాయకుల దగ్గరే ఉన్నాయి. వదిలేశాను.

సరే, ప్రయాణం ప్లాన్ చేద్దాం. మీ బిడ్డ డాలస్‌లో ఉంది. నీళ్లోసుకుంది. కాన్పుకు తల్లి పోవాలె. ఎన్నాళ్ల ముందు దరఖాస్తు పెట్టాలి? మూడు నెలలా? ఆరు నెలలా? 2022 నవంబర్‌లో హైదరాబాద్ కాన్సులేట్‌లో విజిటర్ వీసా ఇంటర్వ్యూ కోసం ఎదురుచూపు వెయ్యి రోజులకు కాస్త తక్కువ. అంటే దాదాపు ముప్పై మూడు నెలలు. ప్రకృతేమో తొమ్మిది నెలలే ఇస్తుంది. కాబట్టి అమ్మమ్మ కాన్పు నాటికి అందుకోవాలంటే, అల్లుడు పెళ్లిచూపులకు రాకముందే స్లాటు బుక్ చేసి పెట్టుకోవాలి. సంబంధం కుదరకపోతే? ఫీజు పోతుంది. ఇప్పుడది 185 డాలర్లు, పదహారు వేల రూపాయల పైమాటే. వాపసు రాదు.

2023లో రికార్డు బద్దలు కొట్టారు. భారతీయులకు 14 లక్షల వీసాల పని పూర్తి చేశామని ప్రకటించారు. వెయ్యి రోజుల నిరీక్షణ 250 రోజులకు దిగిందని చాటుకున్నారు. 75 శాతం తగ్గింపు! ఆషాఢం సేల్‌లో చీరలకు కూడా ఇంత డిస్కౌంట్ ఉండదు. మనమూ చప్పట్లు కొట్టాం. కొట్టేశాక వేళ్లు మడిచి లెక్కబెడితే తెలిసింది, 250 రోజులంటే ఎనిమిది నెలల పైన. అదే ఏడాది మార్చిలో నానక్‌రామ్‌గూడలో పన్నెండెకరాల జాగాలో, 34 కోట్ల డాలర్ల ఖర్చుతో కొత్త కాన్సులేట్ తెరిచారు. బేగంపేట పైగా ప్యాలెస్ ఇరుకైపోయిందట. నిజమే. భవనం పెద్దదైంది. బయట నిలబడేవాళ్లకు నీడ ఎంత పెరిగిందో వెళ్లి చూసి రండి.

ఇంటర్వ్యూ రోజును కాస్త దగ్గర్నుంచి చూద్దాం. కేసముద్రం వైపు రైతు దంపతులను ఊహించుకోండి. అంత కష్టపడి ఊహించాల్సిన పని లేదు, మీ బాబాయో మేనమామో అయి ఉంటారు. ముందు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింద వేలిముద్రలు. ఆ వేళ్ల ముద్రలు మెషీన్‌కు ఒక పట్టాన అందవు. ముప్పై ఏళ్లు మిర్చి ఏరి అరిగిపోయిన వేళ్లు. గట్టిగా నొక్కమ్మా. తుడిచి పెట్టమ్మా. మళ్లీ పెట్టమ్మా. ఇంటర్వ్యూ ఇంకో రోజు. రాత్రికి చుట్టాలింట్లో పడక. ఎగిలివారంగ లేచి ఆటో.

గేటు దగ్గర ఫోన్ వద్దంటారు. సంచి వద్దంటారు. రోడ్డు పక్కన ఫోన్లు దాచిపెట్టే గొడుగు కింది వ్యాపారం ఒకటుంది. ఫోన్‌కింత, బ్యాగుకింత. చేతిలో ఒక టోకెన్ ముక్క పెడతాడు. ఏ అనుమతీ లేని ఆ కుర్రాడు సాయంత్రానికి మీ వస్తువు మీకు అప్పగిస్తాడు. ఆ రోడ్డు మీద చెప్పిన టైముకు చెప్పిన పని చేసే సంస్థ అదొక్కటే.

పెద్దాయన చంకలో ప్లాస్టిక్ ఫైలు. పట్టాదారు పాసుపుస్తకం. ఆస్తుల విలువ కట్టి సీఏ రాసిచ్చిన పత్రం. బ్యాంకు స్టేట్‌మెంటు. ఇంటిపన్ను రశీదు. అల్లుడి జీతం స్లిప్పులు. వీటి మీద బిడ్డ పెళ్లి ఆల్బం, రెండు కిలోలు తూగేది. మానుకోటలో ఒక జిరాక్స్ షాపువాడు ఆ ఫైలు మీద ఆ వారం బతికాడు. అద్దం ముందు నిలబడ్డది ఎంతసేపు? రెండు నిమిషాలు.

ఎందుకు పోతున్నరు? బిడ్డ కాన్పుకు సార్. ఎన్ని రోజులుంటరు? మూణ్నెల్లు సార్. ఏం పని చేస్తరు? ఎవుసం సార్.

ఫైలు తెరవమనలేదు. ఆల్బం అడగలేదు. ఒక కాగితం చేతిలో పెట్టారు. 214(బి). తిరిగి వస్తారన్న నమ్మకం మాకు కలగలేదు అని దాని సారాంశం. అమెరికా చట్టం ప్రకారం విజిటర్ వీసా అడిగిన ప్రతివాడూ అక్కడే స్థిరపడిపోయే బాపతేనని ముందుగా అనుకోవాలి. కాదని నిరూపించుకునే భారం మనది. రెండు నిమిషాల్లో, తెరవని ఫైలుతో, అద్దానికి ఇవతల నుంచి.

అయ్యా, ఆయనకు అక్కడ మూడో రోజుకే పిచ్చెక్కుతుంది. కారు నడపరాదు. పలకరించేవాడుండడు. కల్లు దొరకదు. అయిదో రోజు నుంచి టికెట్ ముందుకు జరపమని అల్లుడి ప్రాణం తోడేస్తాడు. ఈయనా అమెరికాను ఆక్రమించుకునేది?

కాదనడం వాళ్ల హక్కు. ఒప్పుకుందాం. ఎవరి ఇంటి తలుపు వాళ్లిష్టం. మరి ఆ రెండు నిమిషాల కోసం నెలలకు నెలలు కాపలా కాయించింది ఎవరి ఇష్టం? ఇక్కడ ఒక చిత్రమైన న్యాయం నడుస్తోంది. గమనించారా? మీరు ఇంటర్వ్యూకు ఆలస్యమైతే నో షో. వాళ్లు మూడు నెలలు ఆలస్యం చేస్తే ప్రాసెసింగ్. మీ ఫొటోలో చెవి కనపడకపోతే దరఖాస్తు వెనక్కి. వాళ్ల క్యాలెండర్‌లో నెలలకు నెలలు కనపడకుండా పోతే సాంకేతిక కారణం. మీరు తేదీ మార్చుకోవాలంటే దానికో పరిమితి, అది దాటితే మళ్లీ ఫీజు. వాళ్లు తేదీ మారిస్తే ఒక ఈమెయిల్. అదీ స్పామ్‌లో పడుతుంది.

నమ్మకం లేదా? 2025 డిసెంబర్ గుర్తు తెచ్చుకోండి.

అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదున్న మన పిల్లలు వచ్చారు. తమ్ముడి పెళ్లికి ఒకడు, తండ్రి గుండె ఆపరేషన్‌కు ఒకడు, సంక్రాంతి దాకా ఉండి పోదామని ఇంకొకడు. ఎవరూ గాలికి రాలేదు. చేతిలో అపాయింట్‌మెంట్ ఉంది. కంపెనీ సెలవిచ్చింది. తిరుగు టికెట్ ఉంది. పద్ధతిగా చదువుకుని, పద్ధతిగా పన్నులు కట్టి, పద్ధతిగా పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ కోసం వచ్చినవాళ్లు. అంతలో డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ వాళ్ల, వాళ్ల వెంట హెచ్-4 మీద ఉండే కుటుంబసభ్యుల సోషల్ మీడియా ఖాతాలు కూడా తవ్వి చూస్తామని అమెరికా ప్రకటించింది. తవ్వకాలకు టైము పడుతుంది కదా, రోజుకు చూసే మందిని తగ్గించేసింది. డిసెంబర్ ఇంటర్వ్యూలు మార్చికి వెళ్లాయి. కొన్ని ఇంకా వెనక్కి పోయాయి. పాత తేదీ పట్టుకుని గేటు దగ్గరికి వస్తే లోపలికి రానివ్వమని ఎంబసీ ముందే హెచ్చరించింది. సంజాయిషీ లేదు గానీ హెచ్చరిక మాత్రం టైముకు వచ్చింది.

పోనీ ఇంకో దేశం పోయి స్టాంపింగ్ చేయించుకుందామా? ఆ కిటికీ కూడా అదే ఏడాది సెప్టెంబర్‌లోనే మూశారు. సొంత దేశంలోనో, నివాసమున్న దేశంలోనో మాత్రమే దరఖాస్తు పెట్టుకోవాలట. ముందు కిటికీ మూసి, తర్వాత తలుపు మూశారు. ప్లానింగ్ అంటే అదీ! నేర్చుకోండి.

ఇక జనగామలో మేడమీద గదిలో కూర్చుని, రాత్రంతా మేలుకుని, అమెరికా టైముకు పనిచేసే ఇంజినీరును తలుచుకోండి. డాలస్‌లో ఇంటి అద్దె నడుస్తూనే ఉంది. కారు కిస్తీ కట్టాల్సిందే. పిల్లది అక్కడ బడికి పోవాలి, ఇక్కడ తాత పక్కన కూర్చుని కార్టూన్లు చూస్తోంది. కింద ఊరివాళ్లు అడుగుతారు: ఏంది పటేలా, పోరడింకా పోలేదా? ఉద్యోగం ఊడిందా ఏంది? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేక తండ్రి చాయ్ హోటల్ వైపు పోవడం మానేశాడు. ఈ నష్టం ఏ ఫారంలో నింపాలి? ఏ కాలమ్‌లో రాయాలి? పెద్ద పెద్ద టెక్ కంపెనీల లాయర్లు తమ ఉద్యోగులను అమెరికా దాటి పోవద్దని హెచ్చరించారు. అంటే అక్కడున్నవాడు రావద్దు. ఇక్కడున్నవాడు పోలేడు. అంతకు మూడు నెలల ముందు సెప్టెంబర్‌లోనూ ఇదే ఆగమాగం. కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లన్నారు. ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో చెప్పడానికి వాళ్లకు ఒక రోజు పట్టింది. ఆ ఒక్క రోజులో ఇటు రావలసినవాళ్లు విమానం ఎక్కి కూడా దిగిపోయారు. పెళ్లి వదిలేసి వెనక్కి పరుగెత్తినవాళ్లున్నారు.

మూఢం వస్తే పెళ్లిళ్లు ఆగిపోతాయి. ఎవరూ ఏడవరు. ఎందుకంటే మూఢం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో పంచాంగంలో ఉగాదికే అచ్చేసి ఉంటుంది. ఆకాశంలో శుక్రుడు పాటించే ఈ మర్యాద, భూమ్మీద ఆఫీసులకు అంత బరువైందా?

ఐరోపాలో షెంజెన్ దేశాలవాళ్లు మర్యాదస్తులు. నిబంధనలు రాసిపెట్టారు. ప్రయాణానికి ఆరు నెలల కంటే ముందు రావద్దు. పదిహేను రోజుల కంటే ఆలస్యంగా రావద్దు. మేం పదిహేను రోజుల్లో తేలుస్తాం. అవసరమైతే నలభై అయిదు రోజులు తీసుకుంటాం. బాగుంది. మరి దరఖాస్తు ఇచ్చే అపాయింట్‌మెంటే దొరక్కపోతే? ఆ రోజులు ఈ లెక్కలోకి రావు. అయినా వాళ్ల హాస్యచతురత మెచ్చుకోవాలి. వీసా వచ్చేదాకా టికెట్ కొనొద్దని హితవు చెబుతారు. ప్రయాణం బుకింగ్ చూపించమని అడుగుతారు. హోటల్ చూపించాలి. 30 వేల యూరోలకు బీమా చూపించాలి. దీంతో మన ఊళ్లలో కొత్త వృత్తి పుట్టింది. డమ్మీ టికెట్. కొన్ని వందలు పారేస్తే విమానం ఎక్కని టికెట్ తయారు. ఇది ఉత్తుత్తి టికెట్ అని ఇచ్చేవాడికి తెలుసు, కొనేవాడికి తెలుసు, చూసేవాడికీ తెలుసు. ముగ్గురూ సీరియస్‌గా నటిస్తారు. 90 యూరోల ఫీజు మాత్రం అసలైన నోట్లలో ఇవ్వాలి. 2024లో ఇలా లక్షా అరవై అయిదు వేల మంది భారతీయుల దరఖాస్తులు తిరస్కరించారు. ఫీజు? అది షెంజెన్‌లోనే స్థిరపడిపోయింది. దానికి వీసా అక్కర్లేదు.

పిల్లల చదువుల దగ్గరికొస్తే నవ్వు ఆగిపోతుంది.

2025 మే 27న విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూలు ఆపేశారు. జూన్ 18న మళ్లీ తెరుస్తామన్నారు. మూడు వారాలే కదా అనకండి. ఆగస్టులో కాలేజీ. జూన్‌లో గేటుకు తాళం. అప్పటికే ఇల్లు బ్యాంకులో కుదువ. తెరిచాక కొత్త నిబంధన. సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనిపించేలా పెట్టాలి. ఇంటర్‌లో ఉండగా హీరోల అభిమానుల కొట్లాటలో రాసిన బూతులు చెరుపుకుంటూ ఎంతమంది పిల్లలు ఆ జూన్ గడిపారో! వాటిలో అమెరికా భద్రతకు ప్రమాదం ఏముంటుంది? మహా అయితే అవతలి హీరోకు.

ఆ సందులో దూరింది ఎవరు? మన కన్సల్టెన్సీ సార్లు. హనుమకొండ చౌరస్తా నుంచి అమీర్‌పేట దాకా ఫ్లెక్సీలు చూడండి. నూటికి నూరు శాతం వీసా గ్యారంటీ! అద్దం అవతలి ఆఫీసర్‌కే తెలియని సంగతి వీళ్లకెలా తెలుసు? బ్యాంకులో డబ్బు లేదా? ఫండ్స్ చూపిస్తాం, కమీషన్ ఇవ్వండి. స్లాటు దొరకడం లేదా? మేం పట్టిస్తాం, రేటు వేరే. మనుషులు రాత్రంతా స్క్రీన్ ముందు కూర్చుని కళ్లు కాయలు కాసినా దొరకని స్లాట్లు వీళ్లకెలా దొరుకుతాయి? 2025 మార్చిలో ఎంబసీయే బయటపెట్టింది. సాఫ్ట్‌వేర్ బాట్లతో పట్టిన రెండు వేల అపాయింట్‌మెంట్లను రద్దు చేశామంది. శభాష్. మరి అన్నాళ్లూ బాట్ దర్జాగా లోపలికి పోతుంటే, మనిషిని మాత్రం నువ్వు రోబోవి కాదని నిరూపించుకో అంటూ ట్రాఫిక్ లైట్ల బొమ్మలు ఏరించారే, దానికేమంటారు?

వీసా వచ్చినా ఊపిరి పీల్చుకోవద్దు. 2011లో ట్రై వ్యాలీ యూనివర్సిటీని అమెరికా అధికారులు మూయించినప్పుడు, మన పిల్లల కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. అది నకిలీది. నడిపింది అమెరికా ప్రభుత్వమే, వల వేయడానికి. పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో తెలుగువాళ్లు బోలెడు. పిల్లలదీ తప్పుందని అంటారు. ఉంది. కానీ పంపించి కమీషన్ తిన్న పెద్దమనుషుల ఫ్లెక్సీలు ఎన్ని దిగాయి? ఒక్కటి చూపించండి.

అమెరికా వాడు పరాయివాడు. వాడి సంగతి అలా ఉంచండి. మనవాళ్ల సంగతి?

తెలంగాణ ప్రభుత్వానికి ఒక మంచి పథకముంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి. బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరు మీద. మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరు మీద. 20 లక్షల సాయం. కురవి పక్క తండాలో చదువుకున్న లంబాడ పిల్ల అమెరికాలో ఎంఎస్ చేయొచ్చు. ఎంత గొప్ప మాట! నిజంగానే గొప్ప మాట, వెక్కిరింత కాదు. వెక్కిరింత నిబంధనల్లో ఉంది. మొదటి విడత 10 లక్షలు ఎప్పుడిస్తారు? అమెరికాలో దిగి, దిగినట్టు కాగితం పంపించాక. రెండో విడత? మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక.

ఇప్పుడు ఈ రెండు ప్రభుత్వాల మధ్య ఆ పిల్లను నిలబెట్టండి. అమెరికా అంటుంది: ముందు డబ్బు చూపించు, తర్వాత వీసా. తెలంగాణ అంటుంది: ముందు అమెరికాలో దిగి చూపించు, తర్వాత డబ్బు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదన్నది వీళ్ల షరతే. ఆ ఆదాయంవాడు అంతంత డబ్బు ముందుగా ఎక్కడ చూపిస్తాడు? ఎక్కడేమిటి, వడ్డీ వ్యాపారి దగ్గర. నూటికి రెండు రూపాయలు. ఫండ్స్ చూపించే కన్సల్టెన్సీ సార్ దగ్గర. పేదల పథకం అంచెలంచెలుగా ఎవరింటికి చేరుతోందో చూశారా?

పోనీ దిగాక అయినా వెంటనే ఇస్తున్నారా? 2022 నుంచి పేరుకున్న విదేశీ విద్య బకాయిలు 300 కోట్లకు పైగా విడుదల చేస్తున్నామని 2025 నవంబర్‌లో ప్రకటించారు. పత్రికల్లో పెద్ద అక్షరాలు. ఎంఎస్ చదువు రెండేళ్లు సార్. 2022లో పోయిన పిల్ల చదువు ముగించి, ఉద్యోగం వెతికి, పెట్రోలు బంకుల్లో నిలబడి, అప్పు సగం తీర్చేశాక మీ ఉపకారం దిగింది. దీన్ని స్కాలర్‌షిప్ అనాలా, సంతాప సందేశం అనాలా?

చేతకాక కాదు. పాస్‌పోర్టు పోలీసు వెరిఫికేషన్‌లో తెలంగాణకు దేశస్థాయి అవార్డులు వచ్చాయి. ఒకప్పుడు నెలలు పట్టిన పని ఇప్పుడు రోజుల్లో అయిపోతోంది. అంటే తలుచుకుంటే ఫైలు పరుగెత్తుతుంది. తలుచుకోవడానికే ప్రాసెసింగ్ టైము పడుతోంది.

భూపాలపల్లి, జనగామ, మానుకోట, ఈ మూడు జిల్లాల జనానికి 221(జి) కాగితం చూసి భయం ఎందుకు వేయదో తెలుసా? అది ఇచ్చారంటే వీసా ఇవ్వలేదు, పూర్తిగా కాదనలేదు, పరిశీలనలో ఉంది అని. ఎన్నాళ్లు? చెప్పరు. వెబ్‌సైట్ తెరిస్తే తిరస్కరించామని కనిపిస్తుంది. అడిగితే పరిశీలిస్తున్నామంటారు. మానుకోట జిల్లావాళ్లకు ఇది కొత్తా? బయ్యారం ఉక్కు ఫ్యాక్టరీ ఏమైంది? 2014 పునర్విభజన చట్టంలోనే రాశారు. అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టొచ్చో లేదో సెయిల్ ఆరు నెలల్లో తేల్చాలని. ఆరు నెలలు! పార్లమెంటు పెట్టిన గడువు. బయ్యారం ఆ తర్వాత ఖమ్మం జిల్లా దాటి మహబూబాబాద్ జిల్లాలోకి కూడా వచ్చేసింది. ఫ్యాక్టరీ రాలేదు. ఇనుప రాయి గుట్టలో ఉంది. ఆ గుట్టకు ఢిల్లీ వాళ్లు 221(జి) ఇచ్చి పదేళ్లు దాటింది. ఇక్కడ ఉక్కు ఫ్యాక్టరీ వస్తే మా పోరడు డాలస్ ఎందుకు పోతడు సార్, అని అడిగేవాడికి జవాబుందా?

ఇంకా పెద్ద లెక్క ఒకటుంది. గ్రీన్‌కార్డు. ఒక్కో దేశానికి ఏడు శాతమే అన్న పరిమితితో భారతీయుల వరుస ఎంత పొడుగైందంటే, 2025 డిసెంబర్ వీసా బులెటిన్‌లో ఉన్నత చదువుల ఉద్యోగులకిచ్చే ఈబీ-2 కేటగిరీలో మనవాళ్ల తేదీ ఇంకా 2013లోనే ఉంది. 2013! అప్పటికి తెలంగాణ రాష్ట్రం లేదు. జనగామ జిల్లా లేదు. రాష్ట్రం కోసం కొట్లాడారు, వచ్చింది. 2016 ముసాయిదాలో జనగామ పేరు లేకపోతే జిల్లా కోసం రోడ్డెక్కారు, అక్టోబర్‌లో అదీ వచ్చింది. ఆ లొల్లికి ముందు దరఖాస్తు పెట్టినవాడి వంతు మాత్రం ఇప్పుడిప్పుడే వస్తోంది. రాష్ట్రం తెచ్చుకోవడమే సులువని చరిత్రలో రాసుకోవచ్చు.

మరి మన ప్రభువులు ఏం చేస్తున్నారు? ఎన్నారై సభలకు పోతున్నారు. మీరే మా బ్రాండ్ అంబాసిడర్లు అంటున్నారు. శాలువాలు కప్పించుకుంటున్నారు. పెట్టుబడుల కోసం అమెరికా, దావోస్, జపాన్. వీళ్లెవరైనా ఎప్పుడైనా స్లాటు కోసం అర్ధరాత్రి వెబ్‌సైట్ రిఫ్రెష్ కొట్టారా? ఎంపీలకు ముదురు ఎరుపు రంగు దౌత్య పాస్‌పోర్టు ఉంటుంది. దాంతో చాలా దేశాలకు వీసా లేకుండానే పోవచ్చు. ఆ పుస్తకానికి ఉన్న శక్తి తెలిసే కాబోలు, 2007 ఏప్రిల్‌లో ఒక ఎంపీ ఢిల్లీ విమానాశ్రయంలో అరెస్టయ్యారు. తన భార్యాబిడ్డల పాస్‌పోర్టుల మీద వేరే మహిళను, ఒక కుర్రాడిని కెనడా తీసుకెళ్తున్నారన్న అభియోగం. వెయిటింగ్ లేని వీసా కౌంటర్ దేశంలో అదొక్కటే కాబోలు. పాపం మూయించేశారు.

2025 డిసెంబర్‌లో హెచ్-1బీ పిల్లలు ఇరుక్కుపోతే విదేశాంగ శాఖ ఏమంది? వీసా ఇవ్వడం ఆయా దేశాల సార్వభౌమ హక్కు, మన ఆందోళన వాళ్ల దృష్టికి తీసుకెళ్లాం. మంచిది. దృష్టికి తీసుకెళ్లడానికి స్లాటు దొరికినందుకు సంతోషం. తీసుకెళ్లి ఏం అడిగారు? ఇంటర్వ్యూ రద్దు చేసినందుకు ఫీజు వాపసు అడిగారా? అదే అమెరికా పౌరుడు మన తాజ్‌మహల్ చూడాలంటే ఇంట్లో కూర్చుని ఈ-వీసా పెట్టుకుంటాడు. నాలుగు రోజులు ముందు పెడితే చాలు. అతిథి దేవుడు కదా. మరి మన దేవుళ్లు వాళ్ల గేటు ముందు ఎండలో ఉన్నారు, వాళ్ల సంగతి?

దేవుడంటే చిలుకూరు గుర్తొచ్చింది. వీసా బాలాజీ. జనం అక్కడికి ఎందుకు పోతారో నాకిప్పుడు అర్థమవుతోంది. మొక్కేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. హుండీ లేదు. ఫీజు లేదు. బాట్ల బెడద లేదు. ఎన్ని తిరగాలో ముందే కచ్చితంగా చెప్పే ఆఫీసు ఈ మొత్తం వ్యవహారంలో అదొక్కటే.

పాఠకులారా, మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. మీరు ఇప్పటికే విసిగిపోయి ఉన్నారు. వీసా పాస్‌పోర్టు మీద పడి చేతికి వచ్చేదాకా టికెట్ కొనకండి, పెళ్లి మండపానికి అడ్వాన్సు ఇవ్వకండి, పొలం మీద అప్పు తేకండి. నూరు శాతం గ్యారంటీ అన్నవాడిని ఆ ముక్క స్టాంపు కాగితం మీద రాసివ్వమనండి. మళ్లీ కనపడడు.

వరంగల్, మహబూబాబాద్, భువనగిరి ఎంపీ గార్లూ, ఈ మూడు జిల్లాల ఓట్లు మీ ముగ్గురి పెట్టెల్లోనూ పడ్డాయి. శాలువాలు తర్వాత. లోక్‌సభలో ఒక ప్రశ్న వేయండి. ఇంటర్వ్యూలు వాళ్లంతట వాళ్లే రద్దు చేసినప్పుడు ఎందరు భారతీయులు నష్టపోయారు, ఎంత ఫీజు వాపసు వచ్చింది, విద్యార్థికి వీసాకు ముందే స్కాలర్‌షిప్ హామీపత్రం ఇప్పించడానికి అడ్డేమిటి? సభలో ప్రశ్నకు పదిహేను రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు. బయోమెట్రిక్స్ అక్కర్లేదు. వేస్తారా, లేక మీది కూడా పరిశీలనలోనే ఉందా?